రాణి ఎడమ కన్ను

2011 ఆగస్టు 28, ఆదివారం

ఇవాళ తీసిన ఫొటోల్లో అందరమూ దయ్యాల్లా ఉన్నాం.

కెమెరా చాలా చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది. మా ఆయన రాఘవేంద్రకి ఆఫీసులో బహుమతిగా ఇచ్చారు. తనకి ఇలాంటివాటి మీద మోజు లేదు. డబ్బా నా ఒళ్ళో పడేసి పేపర్లోకి దూరిపోయాడు. నేను సాయంత్రం దాకా కనపడ్డదల్లా తీశాను. వెలుతురు ఉన్నంతసేపూ బాగానే వచ్చాయి. కరెంటు పోయాక ఫ్లాష్ వేసి తీస్తే మొహాలు సున్నం కొట్టినట్టు, వెనక గోడ మీద నల్లటి నీడ, కళ్ళు ఎర్రగా నిప్పుకణికల్లా.

కింద వాటా పిల్ల రాణికీ రెండు తీశాను. అసలు పేరు సంధ్యారాణి. తాత పోయేముందు చెప్పిపోయిన పేరట. ఏడాదిన్నర కూడా నిండని పిల్ల అంత పేరు మొయ్యలేదని అందరూ రాణి అనేశారు. దాని ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పిల్లి కన్నులా పడింది. చూసి వాళ్ళమ్మ గీతా నేనూ పడీపడీ నవ్వాం.

గీత నవ్వాపుకుని, "అక్కా, జర మంచిగ ఒక్కటి తియ్యి. దసరాకు ఫ్రేమ్ కట్టించి మా అమ్మోళ్ళకు పంపుత" అంది. తీస్తానన్నాను. ఎలాగో తెలీదు.

సెప్టెంబర్ 1, గురువారం

నెట్‌లో చదివాను. తప్పు నాది కాదు, ఫ్లాష్‌ది. అది లెన్స్ పక్కనే అతుక్కుని ఉంటుంది. దాని వెలుగు తిన్నగా కంట్లోకి వెళ్ళి, లోపలి ఎరుపుని తీసుకుని తిన్నగా వెనక్కొస్తుంది. అందుకే ఎర్ర కళ్ళు. ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పెడితే ఎరుపూ పోతుంది, మొహానికి గుండ్రదనమూ వస్తుంది. పెద్ద కెమెరాల వాళ్ళు చేసేది అదే.

నా కెమెరాకి వేరే ఫ్లాష్ తగిలించే చోటే లేదు. దానికీ ఒక ఉపాయం ఉంది. స్లేవ్ ఫ్లాష్ అని ఉంటుందట. దానికి తీగ అక్కర్లేదు. ఎక్కడైనా ఇంకో ఫ్లాష్ వెలిగితే అది చూసి తనూ వెలుగుతుంది. కెమెరాలో ఉన్న చిన్నది సైగ చేస్తే, దూరాన ఉన్న పెద్దది పని చేస్తుందన్నమాట.

కోచింగ్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెబుతూ కూడా ఇదే ఆలోచన. బోర్డు మీద కోణం గీసి, అందులో ఫ్లాష్ బొమ్మ వేసేశాను. వెనక బెంచీవాళ్ళు నవ్వారు.

సెప్టెంబర్ 3, శనివారం

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చక్రపాణి గారి స్టూడియోలో దొరికింది. పాతది. ఎవరో వదిలేసి పోయారట. పనిచేస్తుందో లేదో తనకే తెలియదన్నాడాయన. కడిగిన నల్లటి ఫిల్మ్ ముక్క కూడా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. కెమెరా ఫ్లాష్ మీద దాన్ని అంటిస్తే ఆ వెలుగు మొహం మీద పడదు, కానీ స్లేవ్‌కి సైగ మాత్రం అందుతుందట. ఎందుకమ్మా అని ఆయన అడిగితే చెప్పాను. విచిత్రంగా చూశాడు.

సెప్టెంబర్ 5, సోమవారం

స్లేవ్ వెలుగుతోంది. ఫొటో మాత్రం చీకటిగా వస్తోంది. ఇరవైసార్లు తీసి ఉంటాను. కళ్ళముందు గదంతా మెరుస్తుంది, కెమెరాలో మాత్రం అమావాస్య.

రాఘవేంద్ర కూర మాడిందని చెప్పాడు. వినపడిందన్నాను.

సెప్టెంబర్ 6, మంగళవారం

దొరికింది! కెమెరా ఫొటోకి ముందు ఒకసారి, వెలుతురు కొలవడానికి, చిన్నగా మెరుస్తుంది. మన కంటికి రెండూ ఒకటే మెరుపు. స్లేవ్ తొందరపడి ఆ మొదటిదానికే వెలిగి, అసలు సమయానికి ఖాళీ అయిపోతోంది. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి ఫ్లాష్‌ని కూడా మాన్యువల్ చేస్తే ఒక్కసారే మెరుస్తోంది. వంటింట్లో టమాటాలు తీశాను. ఎంత అందంగా ఉన్నాయో.

సెప్టెంబర్ 11, ఆదివారం

రాణి ఫొటో వచ్చింది. ఇంతకంటే మంచి ఫొటో నా జన్మలో తియ్యలేను.

కింద ముందుగదికి నీలం రంగు వేశారు. వెలుగు గోడకి కొడితే పిల్ల నీలంగా వస్తోంది. అందుకని మా తెల్ల దుప్పటి తెచ్చి రాఘవేంద్రని పట్టుకోమన్నాను. స్లేవ్‌ని స్టూలు మీద పెట్టి దుప్పటి వైపు తిప్పాను. దుప్పటి మీంచి వచ్చిన వెలుగు రాణి చెంప మీద మెత్తగా పడింది. గీత భర్త సీతారాములు ఆర్టీసీలో డ్రైవరు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, ఖాకీ చొక్కాతోనే గుమ్మంలో నిలబడి బస్సు హారన్ మోతలు మోగించాడు. రాణి ఆ వైపు తిరిగి నవ్వింది. అప్పుడు నొక్కాను.

రెండు కళ్ళూ నల్లగా, మిలమిలలాడుతూ. ముత్తమ్మగారు కెమెరా వెనక ఉన్న బుల్లి తెర మీద మనవరాలిని చూసి, "మా రాణేనా బిడ్డా గిది?" అన్నారు.

సెప్టెంబర్ 14, బుధవారం

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నిన్న మొదలైంది. కోచింగ్ సెంటర్ మూశారు. కరెంటు ఎప్పుడుంటే అప్పుడే అన్నం వండుకోవడం.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు ఆగిపోయాయి. సీతారాములు డిపో ముందు సమ్మె టెంటులో కూర్చుంటున్నాడు. పొద్దున్న గేటు దగ్గర రాఘవేంద్ర, అందరి చదువులూ నాశనమవుతున్నాయి, దీనివల్ల ఏం వస్తుంది అన్నాడట. సీతారాములు, మా పిల్లల నౌకరీల కోసమే చేస్తున్నం సార్, మీకు అర్థం కాదులే అన్నాడట. ఆ "మీకు" అన్న మాట దగ్గర రాఘవేంద్ర గొంతు పెంచాడు. ఆంధ్రా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను, నేనెవర్ని అని. సీతారాములు టెంటుకి వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళుగా ఈ ఇంట్లో అద్దెకున్నాం. ఒక్క మాట రాలేదు ఇప్పటిదాకా. సాయంత్రం గీత ఎప్పట్లా పైకి రాలేదు.

సెప్టెంబర్ 21, బుధవారం

ఊరికే కూర్చోలేక ఫొటోలన్నీ కంప్యూటర్లో సర్దాను. మొదటిరోజు రాణివి రెండూ కనపడ్డాయి. ఒకదాంట్లో తెల్ల కన్నుకి నల్లరంగు పూసి బాగుచేద్దామనుకున్నాను. పూసేశాను కూడా. తరవాత రెండోది తెరిచాను. అందులోనూ ఎడమ కన్నే.

అప్పుడు చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు తీసినవన్నీ మళ్ళీ చూశాను. నావి, రాఘవేంద్రవి, గీతవి, ముత్తమ్మగారివి. ఎవరికైనా రెండు కళ్ళూ ఎరుపే. ఒక్క రాణికే తెలుపు. అదీ ఒక్క కంట్లోనే. ఎరుపుకి కారణం నెట్‌లో చదివి తెలుసుకున్నాను. వెలుగు కంటి వెనక్కి వెళ్ళి తిరిగొస్తేనే ఎరుపు. తెలుపొచ్చిందంటే వెలుగు వెనక్కి వెళ్ళలేదు. మధ్యలో దేన్నో కొట్టుకుంది.

మరి ఆ మంచి ఫొటోలో లేదేం? ఫ్లాష్‌ని పక్కకి జరిపానుగా. వెలుగు తిన్నగా వెళ్ళలేదు కాబట్టి ఏమీ చూపించలేదు. బాగుచేశాననుకున్నాను. కనపడకుండా చేశాను, అంతే.

నెట్‌లో వెతికాను. చదవకుండా ఉంటే బాగుండేది. చిన్నపిల్లల కంట్లో తెలుపు కనపడితే కారణం ఏదైనా కావచ్చట, కంటిలోపల గడ్డ కూడా కావచ్చట. ప్రాణాలమీదికి కూడా రావచ్చని ఉంది. ఆలస్యం చెయ్యకూడదని ఉంది.

రాఘవేంద్రకి చూపించాను. రెండు ఫొటోలూ పెద్దవి చేసి చూశాడు. చివరికి, మనం చెబితే ఇప్పుడెలా తీసుకుంటారో అన్నాడు. ఎలా తీసుకున్నా చెప్పాలని కూడా తనే అన్నాడు.

సెప్టెంబర్ 22, గురువారం

చెప్పాను.

లాప్‌టాప్ పట్టుకుని దిగాను. సీతారాములు టెంటుకి వెళ్ళిపోయాడు. గీత బియ్యం ఏరుతోంది. ముత్తమ్మగారు రాణికి బువ్వ తినిపిస్తున్నారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఫొటోలు చూపించేశాను. నోటికొచ్చినట్టు చెప్పాను, వెనకది ముందు, ముందుది వెనక. గడ్డ అన్న మాట అనలేదు. డాక్టరుకి చూపించాలి అన్నాను.

ముత్తమ్మగారు గిన్నె కింద పెట్టేశారు. "నీ డబ్బల ఏందో తెల్లగ కనబడ్డదని మా పిల్లకు కన్ను మంచిగ లేదంటవా? అసలే పరేషాన్ల ఉన్నం. ఇంత మంచిగ ఆడుకునే పిల్లకు దిష్టి పెట్టకు బిడ్డా."

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. పెద్దమ్మా, నేను తప్పయితే మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి చూపించండి అన్నాను.

గీత బియ్యం పక్కన పెట్టింది. రాణిని ఒళ్ళోకి తీసుకుంది. చేతికి బిస్కెట్ ఇచ్చి, అరచేత్తో దాని ఎడమ కన్ను మూసింది. రాణి బిస్కెట్ కొరుకుతూ కూర్చుంది. తరవాత కుడి కన్ను మూసింది. రాణి ఒక్కసారిగా గింజుకుని, తల్లి చేతిని తోసేసి, ఏడుపు లంకించుకుంది. గీత మళ్ళీ ఎడమ కన్ను మూసింది. ఊరుకుంది. మళ్ళీ కుడి కన్ను. మళ్ళీ అదే ఏడుపు.

"అత్తమ్మా, చూసినవా?" అంది గీత. మామూలు గొంతుతోనే. అందుకే నాకు భయమేసింది.

ముత్తమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గీత భర్తకి ఫోన్ చేసి, "నువ్వు ఇంటికి రా" అని మాత్రం చెప్పింది.

సెప్టెంబర్ 23, శుక్రవారం

సీతారాములు రాత్రే వచ్చి పైకెక్కి ఆ ఫొటోలు చూశాడట. నేను స్నానంలో ఉన్నాను. రాఘవేంద్ర చూపించాడు. ఇద్దరూ గేటు దగ్గరి మాట ఎత్తలేదు.

పొద్దున్న ఎల్బీ నగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి గీతా, నేనూ, రాణీ. పళ్ళ మార్కెట్ దాకా నడిచాక ఒక ఆటో దొరికింది. డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి చూడబోతే రాణి కుదురుగా ఉంటేనా. ఎలాగో చూసింది. ఎడమ కంట్లో తెల్లగా ఏదో ఉన్నమాట నిజమే అంది. కంటిపాప వెనకాల ఉండడంవల్ల మామూలుగా చూస్తే తెలియదట. అది మామూలుదే కావచ్చు, గడ్డ కూడా కావచ్చు, ఇక్కడ తేలదు, బంజారాహిల్స్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి అని చీటీ రాసిచ్చింది.

వెంటనే అంటే ఎప్పుడని గీత అడిగింది. రేపే అంది.

రేపు బంద్. ఆటోలు కూడా ఉండవంటున్నారు.

సెప్టెంబర్ 24, శనివారం. ఉదయం

మా కారులో వెళ్దామని రాఘవేంద్ర అన్నాడు. కారు కొని ఎన్నో రోజులు కాలేదు, తనకి చేయి ఇంకా కుదరలేదు. ఖాళీ రోడ్డు మీదే చెమటలు పడతాయి. సీతారాములు గులాబీ కండువా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం. ఆసుపత్రిలో

రాణిని లోపలికి తీసుకెళ్ళారు. గీత వెంట వెళ్ళింది. నేను బయట కూర్చుని, చీటీల వెనక రాస్తున్నాను. ఇంటికెళ్ళి డైరీలో అంటిస్తాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా ఎవరూ ఆపలేదు. మూసారాంబాగ్ దగ్గర రోడ్డుకి అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. జనం. ఎవరో బానెట్ మీద చేత్తో గట్టిగా చరిచారు. బంద్ రోజున కారెందుకు తీశారని అరుస్తున్నారు. రాఘవేంద్ర గేరు మార్చబోయి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. ఇంజను ఆగిపోయింది.

సీతారాములు దిగాడు. ఆ గుంపులో వాళ్ళ డిపో కండక్టరు తిరుపతి ఉన్నాడు. అతనికి డాక్టరు చీటీ చూపించాడు. తిరుపతి వచ్చి కిటికీలోంచి రాణిని చూశాడు. "అన్న బిడ్డ. దవాఖానకు పోతున్నరు. జరగుండ్రి, జరగుండ్రి" అని కేకేశాడు. కుర్రాళ్ళు కాళ్ళతో టైర్లు పక్కకి తన్నారు.

రాఘవేంద్ర తాళం తిప్పాడు. బండి ఒక గెంతు గెంతి మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. పొగకి రాణి దగ్గుతోంది. సీతారాములు డ్రైవరు పక్క తలుపు తీసి, జరగండి సార్ అన్నాడు. రాఘవేంద్ర జరిగాడు.

సమ్మె అయ్యేదాకా స్టీరింగ్ పట్టనని టెంటులో అందరిముందూ అన్నాడట, గీత తరవాత చెప్పింది. బండి కదులుతుంటే ఎవరో, "డ్యూటీ ఎక్కినవా అన్నా?" అని అరిచారు. వెటకారమో, సరదాయో తెలియలేదు. "గిది ఇంటి డ్యూటీ తమ్మీ" అన్నాడు సీతారాములు. నవ్వలేదు. చాదర్‌ఘాట్ దగ్గర మళ్ళీ ఆపారు. ఈసారి మా ముందు తిరుపతి మోటార్ సైకిల్ ఉంది. ఎప్పుడు బయల్దేరి వచ్చాడో చూడనేలేదు. ఆసుపత్రి గేటు దాకా వచ్చి, మాట కూడా చెప్పకుండా వెనక్కి తిరిగాడు.

తలుపు తెరుచుకుంది. గీత కాదు.

సాయంత్రం

గడ్డ కాదు.

గడ్డ కాదు. స్కాన్ చేశారు. ఇద్దరు డాక్టర్లు చూశారు. కంటి వెనక అంతా శుభ్రంగా ఉందన్నారు. అది శుక్లమట. చిన్నపిల్లలకి కూడా వస్తుందట! ఆపరేషన్ చేసి తీసేసి, లోపల అద్దం పెడతారు. తరవాత కుడి కన్ను రోజూ కొన్ని గంటలు ప్యాచ్ వేసి మూసి ఉంచాలి. అప్పుడే ఎడమ కన్ను చూడ్డం నేర్చుకుంటుంది. ఇన్నాళ్ళూ దానికి పనే లేదు కదా. ఇంకో ఏడాది ఇలాగే వదిలేసి ఉంటే ఆపరేషన్ చేసినా ఆ కన్ను చూపు నేర్చుకునేది కాదన్నారు. ఇప్పుడైనా ఎంత చూపు వస్తుందో ముందే చెప్పలేం, కానీ సమయానికే వచ్చారు అన్నారు.

సమయానికే. ఆ మాట గీత నాలుగుసార్లు చెప్పించుకుంది. తరవాత నవ్వుతూ ఏడ్చింది. సీతారాములు వరండా చివరికి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. రాఘవేంద్ర వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి ముత్తమ్మగారు గేటు దగ్గరే ఉన్నారు. "మా అత్తకు ముసల్తనంల అయింది గా శుక్లం. పాలుతాగే పిల్లకెట్ల అయితది?" అని డాక్టర్ల మీద కోప్పడ్డారు. ఆ తరవాత నా రెండు చేతులూ పట్టుకున్నారు. దిష్టి మాట ఆవిడా అనలేదు, నేనూ అనలేదు.

ఇప్పుడు ఆకలేస్తోంది. పొద్దున్నుంచీ ఎవరమూ ఏమీ తినలేదు. గీత కింద అందరికీ వండుతోంది. పోపు ఘాటు పైదాకా వస్తోంది.

అక్టోబర్ 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. గీత తంగేడు పూలు నా చేత పేర్పించింది. వంకరగా పేర్చానని ముత్తమ్మగారు మొత్తం విప్పి మళ్ళీ పేర్చారు. ఆపరేషన్ వచ్చే సోమవారం.

అక్టోబర్ 10, సోమవారం

అయింది. బాగా జరిగింది. మత్తు దిగాక రాణి కట్టు పీకబోతుంటే రెండు చేతులూ పట్టుకోలేక నలుగురం అలిసిపోయాం. దాని గొంతు మూడో అంతస్తు దాకా వినపడిందట. ఇంత హాయిగా ఏ ఏడుపూ వినలేదు నేను.

అక్టోబర్ 17, సోమవారం

బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయి. సీతారాములు డ్యూటీకి వెళ్ళేముందు గేటు దగ్గర రాఘవేంద్రతో మళ్ళీ వాదన. సమ్మెతో ఏం సాధించారని ఒకరు, సాధించేదాకా ఆగమని ఒకరు. ఇద్దరి గొంతులూ వీధి చివరికి వినపడేలా. మధ్యలో సీతారాములు ఆగి, ఆదివారం పొద్దున్న తీరిక ఉంటే చెప్పండి సార్, క్లచ్ ఎట్ల వదలాల్నో చూపిస్త అన్నాడు. రాఘవేంద్ర ఆరింటికా, ఏడింటికా అని అడిగాడు. మళ్ళీ వాదన.

నేను పైనుంచి వింటూ పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

నవంబర్ 20, ఆదివారం

ప్యాచ్ పెద్ద యుద్ధం. మంచి కన్ను మూస్తే రాణి కదలదు. ఉన్నచోటే కూర్చుని ఏడుస్తుంది. వెయ్యకుండా వదిలేద్దామా అని గీత ఒక్కోరోజు అడుగుతుంది. ఎవరం ఔననం. వేస్తాం. సాయంత్రాలు నా వంతు. పాటలు పాడతాను. నా గొంతు వినలేక ఊరుకుంటుందని ముత్తమ్మగారి అభిప్రాయం.

2012 జనవరి 29, ఆదివారం

వంటింట్లో కందిపప్పు చెరుగుతున్నాను. రాణి పక్కన కూర్చుంది. ఒక్క బద్ద ఎగిరి గచ్చు మీద దూరంగా పడింది. నేను చూడలేదు. రాణి వెళ్ళి, వంగి, రెండు వేళ్ళతో ఏరి తెచ్చి నా చేతిలో పెట్టింది.

కుడి కంటికి ప్యాచ్ ఉంది.